రేపు ఉదయం తనిఖీ చేయబడింది

రాస్ అల్ ఖైమాలో ఇంగ్లీషు భూతకాలాన్ని ప్రవేశపెట్టినవాణ్ణి నేనే. నేను వెళ్లకముందు అక్కడి కార్మికుల క్యాంపుల్లో అందరూ ఒక్క వర్తమానంలోనే బతికేవారు. నిన్న ‘ఐ గో’, ఇవాళ ‘ఐ గో’, రేపు కూడా ‘ఐ గో’. అలాంటి చోట రెండు వేలమంది చేత ‘ఐ వెంట్’ అనిపించి, దుబాయ్ పక్కనున్న ఆ ఎమిరేటుకి ఒక గతం కల్పించి వచ్చాను.

సరే, రెండు వేలు కాదు. పదిహేడుమంది. అందులో ఆరుగురు మెస్సు హాల్లో ఏసీ బాగుంటుందని వచ్చేవాళ్లు. ఒకతను మొదటి రెండు వారాలూ ఇది కోవిడ్ టీకా గురించి మీటింగు అనుకుని కూర్చున్నాడట.

నా అసలు ఉద్యోగం చదువు చెప్పడం కూడా కాదు. సిమెంటు ఫ్యాక్టరీలకి మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో కాగితాల గుమాస్తాని. మెళ్లో కార్డు మీద మాత్రం ‘డాక్యుమెంట్ కంట్రోలర్’ అని ఉండేది. కాకినాడలో మావాళ్లు ఆ రెండో ముక్క పట్టుకుని నేను దుబాయ్‌లో ఏదో కంట్రోల్ చేస్తున్నానని వీధంతా చెప్పారు. నేను కంట్రోల్ చేసినవి ఒక ప్రింటరు, రెండు స్టేప్లర్లు. ప్రింటరు నా మాట వినేది కాదు. అయితే ఇంగ్లీషు వ్యాకరణం మాత్రం వచ్చు. డిగ్రీలో బంగారు పతకం వచ్చింది. పతకం కాదులెండి, రెండో బహుమతి, ఫౌంటెన్ పెన్ను.

గల్ఫు ఆఫీసుల్లో చేరబోయే పిల్లలు నన్ను అడుగుతుంటారు, బాబాయ్ గారూ అక్కడ దేనికి భయపడాలి, ఎండకా, ముదీర్‌కా అని. రెండింటికీ అక్కర్లేదు. ఎండకి నీడ ఉంటుంది, ముదీర్‌కి ఇంకో ముదీర్ ఉంటాడు. మీ వేళ్లకి భయపడండి. రెండు వేల ఇరవై ఒకటి చివర్లో నా వేళ్లు చేసిన పని చెప్తాను వినండి.

ఆ రోజుల్లో మాస్కులు ముక్కు మీంచి గడ్డం మీదకి దిగాయి. రెండేళ్లుగా వాయిదా పడుతున్న మరమ్మతుకి ఫ్యాక్టరీ ఎట్టకేలకు బట్టీ ఆపింది. షట్‌డౌన్ అంటారు. ఇరవై రోజులు. మూడు వందలమంది లోపలికి దూరి, అరిగిపోయిన ఇనుమంతా మార్చి బయటికి రావాలి. ఒక్క గంట ఆలస్యమైనా ఫ్యాక్టరీ వాళ్లు మా ముదీర్‌కి ఫోన్ చేస్తారు. ఆయన ఫోన్ పెట్టేశాక మాకు ఫోన్ చేస్తాడు. ముదీర్ అంటే మేనేజరు. అక్కడ రెండు నెలలుంటే మన నోటికి మేనేజరన్న మాట రాదు.

పని జరగాలంటే ముందు పరంజా కట్టాలి. ఇనుప గొట్టాలు, వాటిని పట్టి ఉంచే క్లాంపులు, నిలబడడానికి చెక్కలు. ఆ ముఠాకి నాయకుడు జగిత్యాల దగ్గరి మనిషి. నలభై దాటాయి. పద్దెనిమిదేళ్లుగా దుబాయ్‌లో గొట్టాలెక్కి దిగుతున్నాడు. అందరూ మేస్త్రీ అనేవారు, నేనూ అలాగే అంటాను. సుత్తితో గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని, ఎక్కడ క్లాంపు వదులుగా ఉందో చెప్పేవాడు. నేను నమ్మక ఒకరోజు పందెం వేసి ఓడిపోయాను.

ప్రతి పరంజానీ పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ ఎక్కి చూడాలి, సేఫ్టీ ఆఫీసరు సంతకం పెట్టాలి. బాగుంటే ఆకుపచ్చ ట్యాగు, లేకపోతే ఎర్ర ట్యాగు కట్టాలి. ‘ఈ ఉదయం ఆరున్నరకు తనిఖీ చేయబడింది, ఎట్టి లోపమూ కనబడలేదు’ అని ఒక కాగితం ఆ రోజు పని పర్మిట్‌కి జతచేస్తే ఏడింటికి పని మొదలు. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి. పన్నెండు పరంజాలు ఎక్కి దిగేసరికి పది దాటుతుంది. ఏడింటికి కాగితం ఎక్కణ్ణించి వస్తుంది?

నా దగ్గర్నించి వస్తుంది. శనివారం మధ్యాహ్నం వారానికి సరిపడా కాగితాలన్నీ ఒకేసారి కొట్టేసేవాణ్ణి. శనివారం నాడు కూర్చుని సోమవారం తనిఖీ చేయబడింది, బుధవారం తనిఖీ చేయబడింది, గురువారం ఎట్టి లోపమూ కనబడలేదు. సేఫ్టీ ఆఫీసరు చాయ్ తాగుతూ ఆ దొంతర మీద సంతకాలు గీకేవాడు. తర్వాత మేస్త్రీని పిలిచి ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించేవాణ్ణి. అడుగున టైపు చేసినవాడిగా నా పొడి అక్షరాలు. తొమ్మిదేళ్లు ఇలాగే నడిచింది. దీన్ని నేనొక్కణ్ణే కనిపెట్టానని గొప్పలు పోను. నేను చేరేసరికే ఉంది. నేను చేసిందల్లా అందులో క్రియలు దిద్దడం. నాకు ముందున్నవాడు ‘విల్ బి ఇన్‌స్పెక్టెడ్’ అని రాసేవాడు, పాపం నిజాయితీపరుడు. అది తప్పని చెప్పి భూతకాలం చేసింది నేనే.

ఇక తరగతి. మేస్త్రీకి పరంజా ఇన్‌స్పెక్టరు కార్డు కావాలి. ఆ కార్డు పరీక్షలో ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారు. ఏం చేశావు, ఏం చేస్తున్నావు, ఏం చేస్తావు అని. రెండుసార్లు తప్పాడు. పని రాక కాదు, చెప్పడం రాక. నా దగ్గరికొచ్చి “సారూ, నా నోట్ల అన్నీ ఒక్క తీర్గనే వస్తున్నయ్, జెర సాపు జెయ్” అన్నాడు. అలా శుక్రవారం పొద్దున్న మెస్సులో తరగతి మొదలైంది.

మూడు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశాను. ఎడమది నిన్న, మధ్యది ఇవాళ, కుడిది రేపు. ఏ కాలంలో మాట్లాడాలంటే ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడాలి. రేపటి కుర్చీకి ఒక కాలు విరిగింది. భవిష్యత్తు గురించి మాట్లాడమంటే ఎవడూ ముందుకొచ్చేవాడు కాదు. అయినా పని చేసింది. మూడు నెలల్లో మేస్త్రీ నిన్నటి కుర్చీలో కూర్చుని ‘ఐ క్లైంబ్డ్, ఐ సా, ఐ టైటెన్డ్’ అని గడగడా చెప్పేవాడు. ‘ఐ సా’ అన్నప్పుడల్లా ఒక తృప్తి ఉండేది నాకు.

ఒక శుక్రవారం ఉన్నట్టుండి అడిగాడు.

“సారూ, ఒకటి అడుగుత, కోపం జెయ్యొద్దు. శనివారం నాడు ఆఫీసుల నువ్వు ఏ కుర్చీల కూసుంటవ్?”

“అదేవిటయ్యా?”

“ఇంక గాని పని అయిపోయినట్టు రాస్తవ్ గద. నేను ఎక్కనే లేదు, ఎక్కి సూసిన అని సంతకం వెడుతున్న. గదెట్ల?”

పదహారుమందీ నా వైపు చూశారు. ఏసీ కోసం వచ్చినవాళ్లు కూడా.

“అది ఆఫీసు మర్యాద నాయనా. కాగితానికీ మనిషికీ కాలం ఒకటే ఉండదు” అన్నాను. ఎంతో గంభీరంగా అన్నాను. అర్థం లేని మాట గంభీరంగా అనడంలో నిజంగానే నాకు బంగారు పతకం ఇవ్వొచ్చు.

“అట్లనా” అన్నాడు. ఒప్పుకోలేదు.

పన్నెండో రోజు మంగళవారం. పదకొండు గంటల వేళ ఏదో పెద్ద చప్పుడైంది. ఫ్యాక్టరీలో చప్పుళ్లు మామూలే. ఆ తర్వాత అన్ని సుత్తులూ ఒకేసారి ఆగిపోయాయి. అది మామూలు కాదు.

ఏడో నంబరు పరంజా ఒక పక్క కుంగి, పై చెక్కలు జారి, ఒక బీహార్ వెల్డరు నాలుగు మీటర్ల ఎత్తునుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదని సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అతని మాట ఇక్కడే చెప్పేస్తాను. రాడ్డు వేశారు, నాలుగు నెలలకి ఇంటికెళ్లాడు, కొంచెం ఈడుస్తూ నడుస్తాడు.

మేస్త్రీ నా క్యాబిన్‌కి వచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు. నిలబడే చెప్పాడు.

“సారూ, పొద్దుగాల నేనే ఎక్కిన. మూడో అంతస్తుల రెండు క్లాంపులు లెవ్వు. పక్క ముఠోళ్లు ఊడదీస్కపోయిండ్రు, వాళ్లకు తక్కువ వడ్డయని. ఎర్ర ట్యాగు గట్టి క్లాంపుల కోసం స్టోరుకు పోయిన. స్టోరుల లైను. నేను మల్లొచ్చేసరికి గింత పనైంది. ఎర్ర ట్యాగు యాడుందో కనవడ్తలేదు. ఫోర్‌మన్ను అడిగితె, కాయితంల బాగున్నదని ఉంది గద, ట్యాగు నిన్నటిదనుకున్న అంటున్నడు.”

కాగితంలో బాగుందని ఉంది. దాని కింద మేస్త్రీ సంతకం ఉంది.

అరగంటలో ముదీర్ నన్ను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. పండక్కి మా అందరికీ బిర్యానీ పెట్టించేవాడు. ఇలాంటి వాళ్లతోనే కష్టం, తిట్టుకోవడానికి మనసొప్పదు.

“మాస్టర్, ఉస్ కా బయాన్ లిఖో. చెక్ కియా, ఓకే దేఖా, క్లాంప్ నజర్ మే నహీ ఆయా. సింపుల్. సైన్ లేలో, ఖలాస్.”

అంటే మేస్త్రీ చూశాడు, బాగుందనుకున్నాడు, క్లాంపు లేకపోవడం గమనించలేదు అని అతని వాంగ్మూలం నేను రాసి సంతకం చేయించాలి. చేయిస్తే ఏమవుతుందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నేరం మేస్త్రీది. పోలీసు కేసు. వీసా రద్దు, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టే వీలుండదు. పద్దెనిమిదేళ్ల పనితనం మీద ‘మనిషిని పడేసినవాడు’ అన్న ముద్ర.

బయటికొస్తే సేఫ్టీ ఆఫీసరు మెట్ల దగ్గర పట్టుకున్నాడు. గుంటూరు వాడు, ముప్పై నిండలేదు. అంతకు రెండు నెలల ముందే భార్యని తెచ్చుకున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“మాస్టారూ, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందండి. మీ పొడక్షరాలూ ఉన్నయ్. ముగ్గురం పోవటం ఎందుకు, చెప్పండి? ఆయనకి ఊళ్లో పొలం ఉందంట కదా.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో అన్నారండి.”

“నీకు పొలం లేదా?”

“మాస్టారూ, ఇప్పుడు ఎగతాళి ఎందుకండీ!”

నేను ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాను. ఎందుకంటే నేను కూడా ఆ లెక్కే వేసుకుంటున్నాను.

ఆ సాయంత్రం నేను చేసిన పని వినండి. అబద్ధం రాయలేను, నిజం రాయలేను. కనక నా విద్యనంతా ఉపయోగించి ఒక వాంగ్మూలం తయారుచేశాను. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘ఉదయ వేళ సదరు పరంజా చూడబడుతూ ఉండి ఉండవచ్చును, లోపములు ఉన్నచో కనబడి ఉండియుండగలవు, తదుపరి చర్యలు తీసుకొనబడబోవుచుండగా ఘటన జరిగి ఉన్నది.’ ఒక్క పేజీలో పన్నెండు కాలాలూ వాడాను. దాన్ని బట్టి ఏ జడ్జీ మనిషిని పట్టుకోలేడు, వదలనూ లేడు. ఇంత గొప్ప వాక్యం ఆ ఎమిరేట్‌లో ఎవరూ రాసి ఉండరు. చదువుకుని మురిసిపోయాను కూడా.

మేస్త్రీకిచ్చాను. అతను వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. పెదాలు కదిలాయి. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

“సారూ, ఇందుల నేను ఎక్కిన్నా, ఎక్కలేదా?”

“అది తెలీకుండానే రాశాను.”

“ఎవలికి తెల్వకుండ?”

“ఎవరికీ.”

“నాకు తెల్సు గద సారూ” అన్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా స్టేప్లరు బరువు పెట్టాడు. “నేను ఎక్కిన. సూసిన. ట్యాగు గట్టిన. గీ మూడు మాటలు రాయనీకె మూడు నెలలు నేర్పితివి. గిప్పుడేమో గిట్ల రాస్తివి. నేను సంతకం వెట్ట. రేపు నేనే చెప్పుకుంట.”

“ఇంగ్లీషులోనా?”

“నువ్వే నేర్పితివాయె.”

మర్నాడు బుధవారం మధ్యాహ్నం విచారణ. ఫ్యాక్టరీ తరఫున ఒక ఇంజినీరమ్మ వచ్చింది. ఎమిరాతీ, అంటే ఆ దేశపు ఆవిడే, నల్ల అబాయా మీదే సైటు హెల్మెట్, చేతిలో చిన్న నోటు పుస్తకం. మాట తక్కువ. బల్లకి ఒక పక్క ఆవిడ, ఎదురుగా ముదీర్, సేఫ్టీ ఆఫీసరు, మేస్త్రీ. ఫైలు మోసుకొచ్చినవాడిగా నేను చివర కుర్చీలో.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నోసార్లు చెప్పాను. కాకినాడలో మా వాకింగు బృందానికి చెప్పిన కథ ఇది: నేను లేచాను. సింహంలా లేచాను. “అమ్మా, ఈ మనిషి నిర్దోషి, అసలు దోషిని నేను!” అని గర్జించి, సాక్ష్యం బల్ల మీద విసిరికొట్టాను. గ్లాసులు ఎగిరిపడ్డాయి. ముదీర్ తల దించుకున్నాడు.

అదంతా అబద్ధం. ఎవరి గ్లాసూ ఎగరలేదు.

అసలు ఆ సాక్ష్యం ఏమిటో, నా టిఫిను సంచిలోకి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఫైల్లో బుధ, గురువారాల కాగితాలు అప్పటికే సంతకాలతో సహా ఉన్నాయి కదా, శనివారమే కొట్టి పెట్టినవి. ఆవిడ ఫైలు అడుగుతుందని తెలిసి, పొద్దున్నే వాటిని తీసి ముక్కలు చేసే యంత్రం దగ్గరికి నేనే వెళ్లాను. బుధవారానివి లోపలికి వెళ్లిపోయాయి. ఇంతలో ఎవరో వచ్చారు. మిగిలినవి టిఫిను సంచిలో దోపేశాను. నిజాన్ని కాపాడడానికి కాదు. సాయంత్రం తీరిగ్గా ముక్కలు చేద్దామని.

విచారణలో ఇంజినీరమ్మ మేస్త్రీ వైపు తిరిగి, ఏం జరిగిందో చెప్పమంది. హిందీలో చెప్పినా పర్వాలేదంది. అతను తల అడ్డంగా ఊపాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“మేడం. ట్యూస్‌డే మార్నింగ్ ఐ క్లైంబ్డ్. ఐ సా. టూ క్లాంప్ నాట్ దేర్. ఐ పుట్ రెడ్ ట్యాగ్. ఐ వెంట్ స్టోర్.” ఊపిరి తీసుకున్నాడు. “దిస్ పేపర్ ఐ డిడ్ నాట్ సైన్ ట్యూస్‌డే. దిస్ పేపర్ ఐ సైన్డ్ సాటర్‌డే.”

సేఫ్టీ ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు.

ముదీర్ నవ్వాడు. కోపంగా కాదు, పెద్దమనిషిలా, జాలిగా నవ్వాడు. “మేడం, మీకు తెలుసు కదా, వీళ్లకి ఇంగ్లీషు రాదు. నిన్నకీ మొన్నకీ తేడా తెలీదు. శనివారం అంటే ఏమిటో కూడా ఇతనికి తెలుసని నేననుకోను. ఏదో నేర్పించినట్టున్నారు, అదీ తప్పుగా” అన్నాడు ఇంగ్లీషులో.

తప్పుగా నేర్పించారు!

పిల్లలూ, ఇక్కడే నిజం ఒప్పుకుంటున్నాను. మేస్త్రీ వీసా పోతుందని నేను లేవలేదు. అంతరాత్మ ఘోషించిందనీ చెప్పను. ఆ మనిషి మూడు నెలలు శుక్రవారం నిద్ర మానుకుని నేర్చుకున్న క్రియలు, ఒక్కటంటే ఒక్కటి తప్పుపోకుండా చెప్పాడు. అందులో నా కష్టం ఉంది. దాన్ని పట్టుకుని రాదంటాడా? నా తరగతిని అంటాడా? అరవై మూడేళ్లొచ్చినా నాకు చురుక్కుమనేది అక్కడొక్కచోటే. దాన్ని ధైర్యమని మీరనుకుంటే అనుకోండి. నేను మాత్రం అనను.

“మేడం, అతని ఇంగ్లీషు సరిగ్గానే ఉంది” అన్నాను. గొంతు కీచుగా వచ్చింది.

అందరూ నా వైపు తిరిగారు. నేను టిఫిను సంచి తెరిచాను. సంచిలోంచి ముందు పులిహోర డబ్బా వచ్చింది, తర్వాత చెంచా వచ్చింది, ఆ తర్వాత మడత పడ్డ కాగితాలు వచ్చాయి. ఏడో నంబరుది వెతికి ఆవిడకిచ్చాను. చివర పసుపు మరక ఉంది.

ఆవిడ చదివింది. తల ఎత్తింది.

“ఇవాళ ఏ వారం?”

“బుధవారం మేడం.”

“ఇది గురువారానిది. ఏడో పరంజా రేపు ఉదయం ఆరున్నరకు తనిఖీ చేయబడింది, ఎట్టి లోపమూ కనబడలేదు అని ఉంది.” కాగితం కిందకి దించింది. “ఏడో పరంజా నిన్న పడిపోయింది కదా?”

“అవును మేడం.”

“ఇది ఎవరు రాశారు?”

“నేను. పన్నెండుకీ నేనే రాశాను. వారం వారం, తొమ్మిదేళ్లుగా. ఇతని చేత సంతకం పెట్టించిందీ నేనే. ఇది తప్పు కదా అని ఇతను నన్ను అడిగాడు కూడా. ఆఫీసు మర్యాద అని చెప్పాను.”

“మాస్టర్!” అన్నాడు ముదీర్. “యే క్యా కర్ రహే హో? బైఠో!”

“బైఠూంగా” అన్నాను. కూర్చోలేదు. ఇంత జరిగాక కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం. “మీరు రాయమన్న వాంగ్మూలం కూడా చెప్పేస్తాను, చెప్పి కూర్చుంటాను.”

చెప్పాను. బల్ల అంచు పట్టుకుని చెప్పాను. మేస్త్రీ నా వైపు చూడలేదు. ఆవిడ రాసుకుంటున్న పెన్ను వైపే చూస్తున్నాడు. అతను చెప్పిన మాటలు చెప్పినట్టుగా ఎక్కుతున్నాయా లేదా అన్నది అతనికి కావాలి.

ఆవిడ రాయడం పూర్తిచేసి, మేస్త్రీని అడిగింది. “ట్యాగు ఏ స్తంభానికి కట్టావు?” అతను చెప్పాడు. ఆవిడ అక్కడికక్కడే మనుషుల్ని పంపింది. శిథిలాల అడుగున, వంగిపోయిన గొట్టం కింద, తీగె తెగకుండానే ఉంది ఎర్ర ట్యాగు. దాని మీద మేస్త్రీ చేతి రాతలో తారీఖు, సమయం. దాని కోసం అంతవరకు ఎవరూ గొట్టాలు కదపలేదు. కాగితం ఉందిగా, వెతకడమెందుకు అనుకున్నారు.

మేస్త్రీ మీద కేసు లేదు. తర్వాత నాలుగు నెలలకి కార్డు పరీక్ష కూడా ప్యాసయ్యాడు. ఈ మాట విని నన్ను మెచ్చుకోకండి. దీనికి మూల్యం చెల్లించినవాడు ఇంకొకడున్నాడు. గుంటూరు కుర్రాడి సేఫ్టీ అనుమతి రద్దు చేశారు. భార్యని తీసుకుని వెళ్లిపోయాడు. విశాఖలో ఏదో ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. నేను ఫోన్ చేస్తే ఎత్తడు. సంతకం అతనిదే, నిజమే. కానీ చాయ్ తాగుతూ గీకమని ఆ దొంతర ముందుకు తోసింది నేను. మూడేళ్లయింది, అప్పుడప్పుడు చేస్తూనే ఉన్నాను. ఎత్తకపోవడం అతని హక్కు.

నా సంగతి అంటారా, రాజీనామా ముదీర్ మొహాన కొట్టి వచ్చాను. కొట్టలేదు. ఆదివారం ఆయనే నాకు ఉత్తరం ఇచ్చాడు, మీ సేవలు ఇక అక్కర్లేదని. ఆ ఉత్తరంలో క్రియ తప్పుంది. ఎర్ర పెన్నుతో దిద్ది, అందినట్టు సంతకం పెట్టి, ఒక నకలు ఆయనకి తిరిగిచ్చాను. ఇది మాత్రం అబద్ధం కాదు, రెండో నకలు నా దగ్గరుంది.

ఆ ఉత్తరం రాకముందు గురువారం ఒకటి గడిచింది. నేనక్కడ సరిగ్గా ఉద్యోగం చేసిన రోజు అదొక్కటే.

ఇంజినీరమ్మ ఒక్కటే చెప్పి వెళ్లింది. ఎక్కినవాడు దిగేదాకా కాగితం లేదు, కాగితం వచ్చేదాకా పని లేదు. పొద్దున్న ఆరున్నరకి మేస్త్రీ సుత్తి భుజాన వేసుకుని మొదటి పరంజా ఎక్కాడు. ఏడయింది. మూడు వందలమంది హెల్మెట్లు పెట్టుకుని కింద గుంపులుగా నిలబడ్డారు. బట్టీ పైనుంచి టంగు, టంగు అని సుత్తి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఏడున్నర. ముదీర్ నా క్యాబిన్ తలుపులో నిలబడ్డాడు.

“కాగితాలు?”

“రాలేదు సార్.”

“టైపు చేసి ఉంచు. నంబర్లు తెలుసు కదా. అతను దిగగానే సైన్ చేస్తాడు. యల్లా, తొందరగా!”

“ఏం జరిగిందో తెలీదు కదా సార్, ఏం కొట్టమంటారు?”

ఆయన వెళ్లాడు. ఎనిమిదింటికి వచ్చాడు. ఎనిమిదిన్నరకి ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చాడు. అవతలివాళ్ల కేకలు నాకు కూడా వినిపించాయి. నేను కంప్యూటరు తెరిచి, ఖాళీ పేజీ ముందు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం కొట్టలేదు. వేళ్లు లాగుతున్నాయి, అలవాటు కదా. చేతుల్ని తొడల కింద పెట్టుకున్నాను.

పదింటికి పది నిమిషాలుందనగా మేస్త్రీ వచ్చాడు. చొక్కా అంతా సిమెంటు, చెమట. నా బల్ల ఎదురుగా కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆ క్యాబిన్‌లో అతను కూర్చోవడం అదే మొదలట. నీళ్లు తాగి, ఒక్కొక్క నంబరూ చెప్పాడు. నేను ఒక్కొక్కటీ కొట్టాను.

“ఒకటి మంచిగున్నది. రెండు మంచిగున్నది. మూడు మంచిగున్నది.” ఆగాడు. “నాలుగు మంచిగ లేదు సారూ. అడుగు పలక జరిగింది. ఎర్ర ట్యాగు గట్టిన. రాయి.”

రాశాను. ‘లోపము కనబడినది.’ ఆ మాట కొట్టేటప్పుడు అక్షరాల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. తొమ్మిదేళ్లలో ఆ వాక్యం ఎప్పుడూ రాయలేదు.

పదకొండు కాగితాలూ ముద్రించి అతని ముందు పెట్టాను. ఈసారి వేలు పెట్టి చూపించలేదు. అతను ప్రతిదీ పైనుంచి కిందిదాకా చదివాడు. తలుపు దగ్గర ముదీర్, ఆయన వెనక మెట్ల మీద ఫోర్‌మన్లు, వాళ్ల వెనక కిందంతా జనం. మేస్త్రీ ఎవరి వైపూ చూడలేదు. తొందరపడనూ లేదు. ఆఖరి కాగితం చదివి, దొంతర సర్ది, చెయ్యి చాపాడు.

“ఇగ గిప్పుడు వెడ్త సంతకం. పెన్నియ్యి సారూ.”